తక్కువ బడ్జెట్ హారర్ సినిమా సెట్‌లో తెర వెనక పని ఎలా నడపాలి

నేను అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసిన మొదటి హారర్ సినిమాలో హీరోయిన్‌కి తెల్ల గౌను ఒక్కటే కుట్టించారు. మెడ దగ్గర నుంచి రక్తం కారే షాట్. మొదటి టేక్‌లో రక్తం సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడింది, ఆ అమ్మాయి కూడా చాలా బాగా చేసింది, కానీ ఫోకస్ వెనక గోడ మీద ఉండిపోయింది. రాత్రి రెండు గంటలకి బాత్రూమ్‌లో బకెట్ పెట్టుకుని ఆ గౌను ఉతికి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి మళ్లీ తొడిగేసరికి మూడున్నర దాటింది. అప్పటికీ గౌను లేత గులాబీ రంగులోనే ఉంది, కుట్ల దగ్గర తడి ఆరలేదు, ఆ అమ్మాయి చలికి వణుకుతూ నిలబడింది. తెల్లారేలోపు తీయాల్సిన నాలుగు షాట్లు పోయాయి. అవి లేని లోటు సినిమాలో ఇప్పటికీ కనబడుతుంది.

ఆ రాత్రి నుంచి నేను వదలకుండా వేసుకునే లెక్క ఒకటుంది. తక్కువ బడ్జెట్ హారర్‌లో డబ్బుకంటే ముందు టైమ్ అయిపోతుంది, ఆ టైమ్‌లో ఎక్కువ భాగం రీసెట్‌కే పోతుంది. రీసెట్ అంటే ఒక టేక్ అయ్యాక రక్తం తుడిచి, పొగ సరిచేసి, బట్టలు మార్చి, విరిగిన వస్తువు స్థానంలో కొత్తది పెట్టి, అంతా మళ్లీ మొదటికి తేవడం. మామూలు సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే సీన్‌కి రెండో టేక్ అంటే అర నిమిషం పని. హారర్‌లో అదే రెండో టేక్‌కి గంట పట్టొచ్చు. కింద చెప్పేదంతా ఈ లెక్క దగ్గర నుంచి మొదలైనదే.

స్క్రిప్ట్ చేతికి రాగానే

స్క్రిప్ట్ ప్రింట్ తీసుకుని రంగు పెన్నులతో కూర్చోండి. రక్తం ఉన్న చోట ఒక రంగు, మేకప్ ఉన్న చోట ఒకటి, పొగ, అద్దాలు పగలడం, కింద పడటం, అరుపులు, ఇలా ఒక్కోదానికి ఒక్కో రంగు. తర్వాత ప్రతి గుర్తు పక్కన "మళ్లీ చేయాలంటే ఎన్ని నిమిషాలు" అని రాయండి. దారం కట్టి లాగితే మూసుకునే తలుపుకి ఒక నిమిషం. మొహం మీద రక్తానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. బట్టల మీద రక్తం అయితే, అదే గౌను ఇంకోటి ఉంటే నలభై నిమిషాలు, లేకపోతే ఆ షాట్‌కి రెండో టేక్ లేదనే అనుకోండి. ఇవి నా అనుభవంలో తేలిన అంకెలు, మీ యూనిట్‌కి కొంచెం అటూ ఇటూ అవుతాయి. ప్రతి షాట్‌కి మూడు టేకులు వేసుకుని రోజు మొత్తం కూడండి. పన్నెండు గంటలు దాటితే ఆ రోజు ప్లాన్ కాగితం మీదే ఫెయిల్ అయినట్టు, సెట్‌లో ఏదో ఒకటి చేద్దాంలే అనుకోవద్దు.

అప్పుడు డైరెక్టర్‌తో కూర్చుని, ఈ ఖర్చు ఉన్న షాట్లలో ఏవి నిజంగా కావాలో అడగండి. ఇది కొంచెం ఇబ్బందైన సంభాషణే, అయినా సెట్‌లో అర్ధరాత్రి పడే గొడవకంటే నయం. ఓరెన్ పెలీ 2006లో 'పారానార్మల్ యాక్టివిటీ'ని తన సొంత ఇంట్లో, ఏడు రోజుల్లో, దాదాపు 15,000 డాలర్లతో తీశాడు. ఆ సినిమాలో భయపెట్టే షాట్లు చాలావరకు స్టాండ్ మీద కదలకుండా ఉన్న కెమెరాతో తీసినవి, అందులో కదిలేది ఒక తలుపో ఒక దుప్పటో. రీసెట్ అంటే తలుపు మళ్లీ తెరిచి పెట్టడమే. డబ్బు లేకపోవడం వల్ల పుట్టిన ఆలోచన అయినా, ప్రేక్షకుడి కళ్లు ఆ చీకటి మూలల్లో వెతుక్కునేలా చేసింది కూడా అదే.

లొకేషన్‌కి రాత్రి వెళ్లండి

మీరు రాత్రి తీయబోయే ఇంటిని పగలు చూసి ఓకే అనకండి. ఏ టైమ్‌కి షూట్ చేస్తారో అదే టైమ్‌కి వెళ్లి, లైట్లు ఆపేసి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. పక్కింటి కుక్క, దూరంగా హైవే, పైకప్పు మీద మోటారు, ఇవన్నీ అప్పుడే వినబడతాయి. తర్వాత స్విచ్ బోర్డులు, ఫ్యూజులు చూడండి. మీ లైట్ల వాట్స్ అన్నీ కూడి వోల్టేజ్‌తో భాగిస్తే ఎన్ని ఆంప్స్ కావాలో వస్తుంది, అది ఒక సర్క్యూట్ మోయగలిగేదానికి దగ్గరగా ఉంటే లైట్లను రెండు మూడు సర్క్యూట్లకి పంచేయండి.

రక్తం కడుక్కోవడానికి నీళ్లెక్కడ, మేకప్‌తో ఉన్నవాళ్లు కూర్చోవడానికి గది ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ అనేది కూడా రాసుకోండి. పాడుబడిన బిల్డింగులు ఫోటోల్లో చాలా బాగుంటాయి, కానీ నేల ఎక్కడ కుంగుతుందో, ఏ వైరులో కరెంటుందో మనకి తెలియదు. బాగున్న ఇంటికి పాత రూపు తేవడం తేలిక, పుచ్చిపోయిన నేల మీద పాతికమందిని పరిగెత్తించడం మాత్రం వద్దు.

పోలీసులకి, చుట్టుపక్కల ఇళ్లకి ముందే చెప్పండి, ఏ తేదీ, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకు అరుపులు వినబడతాయో కాగితం మీద రాసి, ఒక ఫోన్ నంబర్‌తో ఇవ్వండి. ఒంటినిండా రక్తంతో ఉన్న ఆర్టిస్టు బయటికి వెళ్లాల్సి వస్తే పైన కోటు వేసి, పక్కన యూనిట్ మనిషిని ఒకరిని పంపండి.

షూటింగ్ ఆర్డర్: శుభ్రం నుంచి మురికికి

కథలో ఏది ముందొస్తుందో మర్చిపోండి. ఒక గదిలో ఒక రోజు తీసే షాట్లన్నిటినీ రక్తం లేనివి, కొంచెం ఉన్నవి, పూర్తిగా తడిసినవి అని మూడు గుంపులు చేసి, అదే వరసలో తీయండి. ఒకసారి గోడ మీద రక్తం పడ్డాక ఆ గోడని తిరిగి శుభ్రంగా చూపించడం దాదాపు కుదరదు. ముఖ్యమైన బట్టలు కనీసం మూడు సెట్లు ఉండాలి. ఒకటి శుభ్రమైనది, ఒకటి సగం పాడైనది, ఇంకోటి పూర్తిగా పోయినది. డబ్బు తక్కువైతే ఖరీదైన గౌను ఒకటి కొనేకంటే చౌకవి నాలుగు కొనమని ప్రొడ్యూసర్‌తో గట్టిగా చెప్పండి.

రక్తం పడే షాట్‌కి రెండో కెమెరా పెట్టండి. ఇంకో మంచి కెమెరా లేకపోతే ఫోన్ అయినా సరే, పక్క నుంచి క్లోజ్‌లో పెట్టి వదిలేయండి. రెండో టేక్ కుదరని రోజున ఎడిటర్‌కి కట్ చేసుకోవడానికి ఇంకో కోణం ఉంటుంది. ప్రతి టేక్ అవ్వగానే కంటిన్యుటీ (షాట్‌కి షాట్‌కి మధ్య బట్టలు, రక్తం తేడా రాకుండా) చూసేవాళ్లు ఫోటోలు తీయాలి: ముందు నుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి, గాయం క్లోజప్. రక్తం ఎంత కారిందో, ఎక్కడ ఆగిందో మాటల్లో రాస్తే పనికిరాదు.

వాడిన సామాను తిరిగి పోగేసుకోవడం కూడా రీసెట్‌లో భాగమే. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీసినప్పుడు కథ ఆకురాలే కాలంలో జరుగుతుంది, షూటింగేమో కాలిఫోర్నియాలో వసంతకాలంలో. యూనిట్ వాళ్లు ఆకులకి రంగులేసి, వీధిలో చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరి సంచుల్లో నింపుకుని తర్వాతి చోటికి పట్టుకెళ్లారు. ఆ సినిమా చూస్తే రోడ్డు నిండా ఆకులే కనబడతాయి, అవి ఎన్నిసార్లు ఏరిన ఆకులో ఎవరికీ అనుమానం రాదు.

రక్తం తయారీ

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చాలా సెట్లలో దీన్ని ఆ రోజు ఉదయం కలుపుతారు, సమస్యలన్నీ అక్కడే మొదలవుతాయి.

కార్న్ సిరప్ గానీ లిక్విడ్ గ్లూకోజ్ గానీ నాలుగు కప్పులు, నీళ్లు ఒక కప్పు, ఎరుపు ఫుడ్ కలర్ రెండు చెంచాలు, కోకో పొడి అర చెంచా, నీలం ఫుడ్ కలర్ ఒకటి రెండు చుక్కలు. కోకో పొడిని ముందు కొంచెం గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి అప్పుడు సిరప్‌లో పోయండి, లేకపోతే పైన తేలుతుంది. నీలం ఎందుకంటే వట్టి ఎరుపు కెమెరాలో జామ్‌లా, మెరుస్తూ కనబడుతుంది. ఎండిన రక్తానికి కోకో పెంచండి, పారే రక్తానికి నీళ్లు పెంచండి. ఇందులో వేసినవన్నీ తినే వస్తువులే కాబట్టి నోట్లోంచి కారే రక్తానికి ఇదే వాడొచ్చు. బట్టల మీదికి, గోడ మీదికి వాడే బ్యాచ్‌లో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే మరక తొందరగా వదులుతుంది, కానీ ఆ సీసా నోటి దగ్గరికి, కళ్ల దగ్గరికి పోకూడదు. అందుకే సీసాల మీద పెద్ద అక్షరాలతో "నోటికి", "బట్టలకి" అని రాసి వేరువేరు పెట్టెల్లో పెట్టండి. చీకట్లో రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి.

కలిపిన రక్తాన్ని మీరు షూట్ చేయబోయే లైట్ కిందే, ఆ కెమెరాతోనే టెస్ట్ చేయండి. నీలి లైట్ కింద ఎర్ర రక్తం నల్లగా కనబడుతుంది, ఒక్కోసారి బురదలా కూడా. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తుంటే రంగుతో అసలు పనే లేదు, 1960లో హిచ్‌కాక్ 'సైకో'లో షవర్ సీన్‌కి చాక్లెట్ సిరప్ వాడాడు, చిక్కదనం, ముదురుదనం సరిపోతే చాలు.

దీంతో వచ్చే ఇబ్బందులు మూడు. మొదటిది, తీపి కాబట్టి చీమలు, ఈగలు వస్తాయి, ప్రతి షాట్ తర్వాత నేల తుడవాల్సిందే. రెండోది, నేల జారుతుంది. రక్తం ఉన్న చోటు చుట్టూ టేప్ వేసి, ఆర్టిస్టు చెప్పుల అడుగుకి గరుకు టేప్ అంటించండి. మూడోది ఎవరూ ముందు చెప్పరు: అది ఆరేకొద్దీ చర్మానికి పట్టేస్తుంది. ఒక సినిమాలో ఒక నటుడి చెయ్యి మూడు గంటలు మడిచిన భంగిమలో ఉండిపోయింది, సిరప్ ఆరి ముంజేతి వెంట్రుకలు చొక్కాకి అతుక్కున్నాయి. ప్యాకప్ తర్వాత మా మేకప్ అక్క గోరువెచ్చని నీళ్లలో ముంచిన తువ్వాలు చేతికి చుట్టి, పది నిమిషాలు కదలకుండా పట్టుకుని, తర్వాత అంగుళం అంగుళం ఊడదీసింది. అతను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. అందుకే షాట్‌కి షాట్‌కి మధ్య మడతలు పడే చోట కొంచెం టాల్కమ్ పౌడర్ అద్దండి, గోరువెచ్చని నీళ్లు, తువ్వాళ్లు సెట్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. చర్మం మీద మిగిలిన ఎర్ర మరకకి షేవింగ్ ఫోమ్ బాగా పనిచేస్తుంది.

గాయాలు, మేకప్

గాయాల మేకప్‌కి లిక్విడ్ లేటెక్స్ (ఆరితే రబ్బరు పొరలా మారే ద్రవం) వాడే ముందు రోజు ఆర్టిస్టు ముంజేతి లోపలివైపు కొంచెం రాసి 24 గంటలు చూడండి. లేటెక్స్ అలర్జీ కొందరికి ప్రమాదకరంగా ఉంటుంది, అందులో అమోనియా కూడా ఉంటుంది కాబట్టి కళ్ల దగ్గర వాడొద్దు. కనుబొమ్మల మీద, వెంట్రుకల మీద పడితే తీసేటప్పుడు వెంట్రుకలతో సహా ఊడుతుంది, ముందే వాజలైన్ రాయండి. రంగు కాంటాక్ట్ లెన్సులు కంటి డాక్టర్ కొలతలు చూసి ఇస్తేనే పెట్టండి, ఒకరు వాడినవి ఇంకొకరికి అస్సలు వద్దు. మేకప్‌కి రెండు గంటలు పడితే, ఎవరు ఏ టైమ్‌కి రావాలో రాసే కాల్ షీట్‌లో ఆ ఆర్టిస్టు టైమ్ మిగతా యూనిట్‌కంటే రెండు గంటలు ముందుండాలి, ఆమె షాట్లు ముందు అయిపోవాలి. మొహానికి ముసుగు పెట్టుకున్న మనిషిని ఆరు గంటలు కూర్చోబెట్టి ఎనిమిదో గంటలో పిలిస్తే నటన ఎక్కడి నుంచి వస్తుంది?

చీకటిని లైట్ చేయడం

చీకటి సీన్‌కి లైట్లు అక్కర్లేదనుకునేవాళ్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఏడుస్తారు. లైట్ లేకుండా ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే సెట్టింగ్) పెంచి తీస్తే నలుపు నలుపుగా ఉండదు, చీమలు పాకుతున్నట్టు గింజలు గింజలుగా వస్తుంది. మనిషి వెనక నుంచి భుజం అంచు మీద సన్నటి వెలుగు ఒకటి, వెనక గోడ మీద మసక వెలుగు ఒకటి ఉంటే చాలు, మొహం దాదాపు కనబడకపోయినా ప్రేక్షకుడు ఆకారాన్ని పట్టుకుంటాడు. భయం ఆ ఆకారంలోనే ఉంటుంది. ఆర్టిస్టు చేతిలో టార్చ్ ఉంటే ఎదుటివాళ్లకి లేత రంగు బట్టలు వేయండి, ఆ వెలుగు బట్టల మీద పడి తిరిగి మొహానికి తగులుతుంది.

చీకటి గదిలో మానిటర్‌ని నమ్మొద్దు. గంటసేపు చీకట్లో ఉన్న కంటికి మానిటర్ కాంతిగా కనబడుతుంది, అంతా బాగుందనుకుంటాం, మర్నాడు పగలు చూస్తే ఏమీ కనబడదు. ఫ్రేమ్‌లో వెలుగు ఎంతుందో గ్రాఫ్‌లా చూపించే హిస్టోగ్రామ్ గానీ వేవ్‌ఫామ్ గానీ చూసి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) పెట్టండి. మినుకుమనే బల్బులు, ఎల్ఈడీలు ఉన్నప్పుడు మీ ప్రాంతంలో కరెంటు 50 హెర్ట్జో 60 హెర్ట్జో చూసి షట్టర్‌ని 1/50 లేదా 1/60 పెట్టుకోండి, లేకపోతే ఫ్రేమ్‌లో చారలు పాకుతాయి.

రాత్రి సీన్లన్నీ రాత్రే తీయక్కర్లేదు. ఇంటి లోపలి సీన్లకి కిటికీల బయట నల్ల గుడ్డ కట్టండి, కిటికీకి గుడ్డకి మధ్య రెండడుగులు ఖాళీ వదిలితే అక్కడ చిన్న నీలి లైట్ పెట్టి వెన్నెల తెప్పించొచ్చు. బయట సీన్లయితే ఎండని ఆర్టిస్టు వెనక ఉంచి, ఆకాశం ఫ్రేమ్‌లోకి రాకుండా, వెలుగు ఒకటిన్నర రెండు స్టాప్‌లు తగ్గించి (ఒక స్టాప్ అంటే వెలుగు సగం అవడం), బొమ్మ నీలంగా వచ్చేలా వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర పెట్టి తీయండి.

కెమెరా కదలాల్సి వచ్చినప్పుడు కెమెరాని మోసే ఖరీదైన రిగ్ లేదని ఆగిపోవద్దు. సామ్ రైమీ వాళ్లు 'ది ఈవిల్ డెడ్' కోసం కెమెరాని ఒక పొడవాటి చెక్కకి మధ్యలో బిగించి, చెరో చివర పట్టుకుని అడవిలో పరిగెత్తారు. నేల మీద నుంచి ఏదో దూసుకొస్తున్నట్టు ఉండే ఆ షాట్లు అలా వచ్చినవే. అలా పరిగెత్తే దారిని పగలే నడిచి, రాళ్లూ వేర్లూ తీసేయండి.

పొగ, కత్తులు, చేతులు

పొగకి గ్లైకాల్ లిక్విడ్‌తో నడిచే మెషీన్ వాడండి, అద్దె తక్కువే. డ్రై ఐస్ నేల మీద పాకే పొగకి అందంగా ఉంటుంది, కానీ అది మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్, గాలికంటే బరువు, మూసిన గదిలో కిందికి చేరుతుంది. మీ సీన్‌లో నేల మీద శవంలా పడుకున్న మనిషి పీల్చేది అదే. తలుపులు తెరవకుండా దాన్ని వాడొద్దు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. స్మోక్ అలారం ఆపాల్సి వస్తే ఓనర్ అనుమతితో ఆపి, తిరిగి ఆన్ చేసే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి.

కత్తులు రబ్బరువే. క్లోజప్‌కి మొద్దు చేసిన లోహం కత్తి కావాలంటే ఆ ఒక్క షాట్‌కి తీసి వెంటనే పెట్టెలో పెట్టి తాళం వేయండి. నిజం తుపాకీ, ఖాళీ తూటాలతో అయినా సరే, మీ సెట్‌లోకి రాకూడదు. 1993లో నటుడు బ్రాండన్ లీ, 2021 అక్టోబర్ 21న సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ షూటింగ్‌లో తూటా తగిలి చనిపోయారు, ఆ రెండు సెట్లలోనూ అందరూ తుపాకీ సురక్షితమనే అనుకున్నారు. ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుని మెరుపు ఎడిటింగ్‌లో వేసుకోండి.

గొంతు పిసికే సీన్, జుట్టు పట్టి లాగే సీన్‌లో అదుపు ఎప్పుడూ దెబ్బ తినేవాళ్ల చేతిలోనే ఉండాలి. పిసికేవాళ్ల చేయి మెడ మీద నొక్కకుండా కాలర్ ఎముక మీద ఆనుతుంది, బాధితురాలే ఆ చేతిని పట్టుకుని లాక్కుంటుంది. ఆపమనడానికి సీన్‌లో లేని ఒక మాట ముందే అనుకోండి, ఎందుకంటే "వద్దు, వదులు" అని అరిస్తే అది డైలాగే అనుకుంటారు. నిజంగా భయపడితే బాగా వస్తుందని ఆర్టిస్టుకి చెప్పకుండా వెనక నుంచి ఏదో చేయడం నాకు అస్సలు నచ్చదు. ఒక షాట్ వస్తుందేమో, ఆ తర్వాత ఆ మనిషి మిగతా షెడ్యూలంతా మిమ్మల్ని నమ్మదు.

సౌండ్

అరుపుల సీన్లు ఆ రోజు చివర్లో పెట్టండి, గొంతు పోతే మిగతా డైలాగులు కూడా పోతాయి. అరుపుకి రికార్డింగ్ లెవెల్ తగ్గించి రిహార్సల్‌లో ఒక్కసారే పూర్తి గొంతుతో చూసుకోండి, రికార్డర్‌లో రెండు ట్రాకులు ఉంటే రెండోదాన్ని బాగా తక్కువలో పెట్టండి. శబ్దం రాకుండా ఇంట్లో ఫ్రిజ్ ఆపితే కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు ఆన్ చేయడం గుర్తొస్తుంది. ప్రతి గదిలో యూనిట్ అంతా కదలకుండా నిలబడి ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. హారర్‌లో ఆ నిశ్శబ్దమే సగం సౌండ్ ట్రాక్. ఎముకలు విరిగే శబ్దం సెలరీ కాడ విరిస్తే వస్తుంది, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

రాత్రి పనిచేసే మనుషులు

రాత్రి షూటింగులన్నీ ఒకేచోట వరసగా పెట్టండి. ఒక రోజు పగలు, ఒక రోజు రాత్రి అంటే మూడో రోజుకి ఎవరి బుర్రా పనిచేయదు. పన్నెండు గంటల పని అవ్వగానే ప్యాకప్, మళ్లీ సెట్‌కి రావడానికి మధ్య కనీసం పది గంటల విరామం. మధ్యలో వేడి భోజనం. ప్యాకప్ తర్వాత కళ్లు మూతలు పడుతున్నవాళ్లకి బండి తాళాలు ఇవ్వకండి. 1997లో అమెరికాలో బ్రెంట్ హెర్ష్‌మన్ అనే అసిస్టెంట్ కెమెరామన్ 19 గంటల షూటింగ్ తర్వాత ఇంటికి కారు నడుపుతూ చనిపోయాడు. బడ్జెట్‌లో ముందు రాయాల్సిన లైన్లలో ఒకటి నిద్రపోవడానికి గది, ఇంకోటి ఇంటికి దింపే వ్యాన్. దీనికి డబ్బుల్లేవంటే పొగ మెషీన్ అద్దె మానేయండి.

ప్యాకప్

కెమెరా మెమరీ కార్డులు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయ్యాకే ఫార్మాట్, ఆ రెండు డిస్కులూ వేరువేరు మనుషుల ఇళ్లకి వెళ్లాలి. లొకేషన్ మొదటి రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని, ప్రతి గదీ అలాగే ఉందో లేదో చూసి తాళాలు ఇవ్వండి.

చివరగా, మిగిలిన రక్తం పారబోయకండి. ఒక లీటరు సీసాలో పోసి, కొలతలు, తేదీ రాసిన చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి, రక్తం పడిన బట్టలు ఉతక్కుండా ఆరబెట్టి సంచిలో వేసి ఉంచండి. ఎడిటింగ్‌లో రెండు నెలల తర్వాత ఒక చేతి క్లోజప్ కావాలని ఫోన్ వస్తుంది. అప్పుడు అదే రంగు, అదే చొక్కా మీ దగ్గరుంటే ఆ షాట్ మీ ఇంట్లో బల్బు కింద పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.